రిజిస్టరులోకి ఆలస్యంగా ఎక్కిన శనివారం

సత్యానందం గారి గురించి మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఎవరినైనా అడిగి చూడండి. కాసేపు నీళ్ళు నములుతారు. తర్వాత "మంచాయనే గాని..." అంటారు. ఆ 'గాని' దగ్గర ఆగిపోతారు. అలా ఆగడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ 'గాని' తర్వాత ఏముందో పూర్తిగా తెలిసినదాన్ని నేను. అందుకని నేనే రాస్తున్నాను. నా పేరు కరుణమ్మ. నర్సును. పోయిన నవంబరులో, అంటే ఎనభై ఎనిమిదిలో, నా భర్త రాజారత్నం గారు చనిపోయారు. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరి పేరు, కంపెనీ పేరు రాయొద్దని లాయరు చెప్పాడు. సరే, రాయను.

సత్యానందం గారిని నేను వరస కలిపి అన్నయ్యా అంటాను. అన్నయ్యది బాపట్ల. వాళ్ళ నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. అన్నయ్య కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి అరవై తొమ్మిదిలో ఈ తెల్లవాళ్ళ దేశం వచ్చారు. రెండు మూడు చోట్ల చిన్నా చితకా పనులు చేశాక రాష్ట్ర ప్రభుత్వంలో ఉద్యోగం దొరికింది. ఫ్యాక్టరీలకు వెళ్ళి గాలి పట్టడం ఆయన పని. నవ్వకండి. పనివాడి కాలరుకు చిన్న గొట్టం తగిలించి, నడుముకు పంపు కట్టి, ఎనిమిది గంటల్లో ఎంత దుమ్ము పీలుస్తున్నాడో తూచి చెప్పాలి. అది ఎక్కువుంటే కంపెనీ మీద రిపోర్టు రాయాలి.

ఆ పనికి ఒక రూలుండేది. కంపెనీ మనిషి ఎవడితో మాట్లాడినా, ఫోనులో గాని, గుమ్మంలో గాని, ఆకుపచ్చ అట్ట రిజిస్టరులో ఎక్కించాలి. తేదీ, చోటు, ఎవరు, ఏం మాట్లాడారు, ఇంకెవరున్నారు, ఇలా ఐదు గళ్ళు. తప్పు పడితే చెరపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి పొడి అక్షరాలు పెట్టాలి. అన్నయ్య ఈ రూలును పదో ఆజ్ఞ తర్వాత పదకొండోదిగా పాటించేవారు. ఫ్యాక్టరీలో కాఫీ ముట్టరు, ఇంటి నుంచి ఫ్లాస్కు పట్టుకెళ్తారు. ఒకసారి వానలో ఎవరో మేనేజరు గొడుగు పట్టి కారుదాకా దింపితే అదీ ఎక్కించారట: 'గొడుగు. మాట్లాడింది వాన గురించి. ఇతరులు ఎవరూ లేరు.' వాళ్ళావిడ వసంతకుమారి వదిన ఈ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.

మేము డెబ్భై ఏడులో వచ్చాం. ఏడు నెలలు అన్నయ్య వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉన్నాం. మా ఆయన మచిలీపట్నం నోబుల్ కాలేజీలో బీయస్సీ చదివారు. ఆ డిగ్రీని ఇక్కడెవరూ కాగితం కింద కూడా లెక్కపెట్టలేదు. అప్పుడు సుందర్ రాజ్ ఆదుకున్నాడు. సుందర్ రాజ్ మా సహవాసంలో పాటలు నడిపించేవాడు, గుంటూరువాడు, రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. వాళ్ళ మేనేజరుకు చెప్పి మా ఆయనకు గ్రైండింగ్ రూమ్‌లో పని ఇప్పించాడు. ఎండిన రంగుముద్దలను పిండి కొట్టే గది అది. ఆ మేలు మేమెప్పుడూ మర్చిపోలేదు. మర్చిపోకపోవడమే మా కొంప ముంచింది.

మా ఆయన ఇంటికొచ్చి స్నానం చేస్తే తొట్టి నీళ్ళు బీట్‌రూట్ ఉడికించినట్టు ఉండేవి. ఎంత రుద్దుకున్నా పోయేది కాదు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని గుడికి బయల్దేరితే, ప్రసంగం అయ్యేసరికి కాలరు ఊదారంగుకి తిరిగేది. దిండు గలీబులు నేను విడిగా ఉతికేదాన్ని. నర్సుని కదా, ఆ రంగు ఒంట్లోకి ఎక్కడికి పోతుందో, ఎక్కడి నుంచి బయటికి రావాలో నాకు తెలుసు. ఆ దారిలో మూత్రాశయం ఉంది. ఏళ్ళ తరబడి అక్కడ నిలవున్నది ఊరికే ఉండదు, క్యాన్సర్ గడ్డవుతుంది. తొందరగా కనిపెడితే కోసి తీసేయొచ్చు, ఆలస్యమైతే లేదు. నా భయమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగేది.

అందుకే ఎనభై మూడులో రాష్ట్ర సభలో బిల్లు ఒకటి వచ్చిందని విన్నప్పుడు నేను మోకాళ్ళూని ప్రార్థన చేశాను. అలాంటి రంగులతో పనిచేసే ప్రతి మనిషికీ మూడు నెలలకోసారి బయటి ల్యాబ్‌లో మూత్ర పరీక్ష చేయించాలి, ఆ రిజల్టు పనివాడి చేతికే ఇవ్వాలి. బిల్లులో మిగతావి ఎన్నున్నా నాకు కావలసింది ఆ తొమ్మిదో సెక్షనే. అది పాసయితే మా ఆయన ఒంట్లో ఏం మొదలైనా మూడు నెలల్లో తెలిసిపోతుంది.

ఆ సెక్షను అవసరమని సభ కమిటీకి రుజువు చూపించే పని అన్నయ్య మీద పడింది. ఆ శీతాకాలం ఆయన మా ఫ్యాక్టరీ గేటు బయట, చర్చి హాల్లో, ఇష్టపడి వచ్చిన నలభై ఒక్కమంది దగ్గర శాంపిళ్ళు తీసుకున్నారు. మా ఆయనను నేనే తోసి పంపాను. ఆరుగురి కణాల్లో తేడా కనిపించింది. అన్నయ్య ఒక పట్టిక తయారుచేశారు. అందులో పేర్లు లేవు. వరస నంబరు, ఏ గది, వయసు, ఎన్నేళ్ళ పని, రిజల్టు, అంతే. మార్చి మొదటి వారంలో కమిటీ విచారణ. మా ఆయనకు పని నేర్పిన వాల్టర్ అనే పెద్దాయన అక్కడ నిలబడి మాట్లాడతానని మాటిచ్చాడు. తేడా వచ్చిన ఆ ఆరుగురిలో ఆయనొకడని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి పదకొండు, రెండో శనివారం. నెలనెలా ఆ రోజున అన్నయ్య ఇంట్లో ప్రార్థన కూటం, తర్వాత భోజనాలు. భోజనాలయ్యాక అందరూ బేస్‌మెంట్‌లో పాటలు నేర్చుకుంటున్నారు. అన్నయ్య, సుందర్ రాజ్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. నేను టీ పట్టుకెళ్ళాను. అన్నయ్య బ్యాగు కుర్చీ పక్కనే ఉంది. ఆ పట్టిక ఒకసారి సరిచూసుకుందామని ఇంటికి తెచ్చుకున్నారని వదిన చెప్పగా విన్నాను. నేను ఆగలేకపోయాను.

"అన్నయ్యా, మా ఆయనది ఎలా వచ్చిందో చెప్పరా?"

"రూల్ ప్రకారం లెటర్ వస్తుంది కదమ్మా, ఇంకో నెలలో."

"నెల రోజులు నాకు నిద్రుండదన్నయ్యా."

ఆయన నా ముఖం చూశారు. బ్యాగు తెరిచి కాగితం తీశారు. పదిహేడో వరస మీద వేలు పెట్టారు. గ్రైండింగ్ రూమ్, ముప్పై తొమ్మిదేళ్ళు, ఏడేళ్ళ పని, నార్మల్. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. దేవునికి స్తోత్రం అన్నాను. ప్లేటులో జంతికలు పెట్టి ఆ కాగితం అంచు మీదే ఉంచాను, ఎగరకుండా.

"అన్నయ్యా, తీశారు కదా, నాకూ జస్ట్ ఒక్క లుక్ ఇవ్వండి," అన్నాడు సుందర్ రాజ్. "మండే మా వాళ్ళు నన్నే అడుగుతారు. నంబర్స్‌లో తప్పుంటే హియరింగ్‌లో మీకే ఎంబరాసింగ్."

"ఇంకా ఫైనల్ కాలేదురా."

"ఫైనల్ కాకముందే కదా కరెక్ట్ చేసుకోవాలి. మనలో మనకేంటన్నయ్యా?"

నాకు చూపించిన కాగితాన్ని అతనికి చూపించనని ఎలా అంటారు? అన్నయ్య దాన్ని అతని వైపు తిప్పారు. సుందర్ రాజ్ జేబులోంచి పాటల కాగితం తీసి దాని వెనక రాసుకున్నాడు. నేను చూశాను. కాగితం మీద ఏముందో, అతను ఎక్కడ పనిచేస్తాడో రెండూ తెలిసిన మనిషినే నేను. నాకు ఏమీ అనిపించలేదు. మా ఆయనది బాగుంది, అదొక్కటే నా తలలో ఉంది. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నెలాఖరుకల్లా ఆ ఆరుగురినీ పని నుంచి తీసేశారు. గ్రైండింగ్ రూమ్, యాభై నాలుగేళ్ళు, ఇరవై ఒక్క ఏళ్ళ పని అని ఉంటే పేరెందుకు? ఆ ఫ్యాక్టరీలో అలాంటి మనిషి వాల్టర్ ఒక్కడే. బయట నోరెత్తకూడదని సంతకం పెట్టించుకుని నాలుగు నెలల జీతం చేతిలో పెట్టారు. విచారణకు పనివాళ్ళలో ఒక్కరూ రాలేదు. కంపెనీ తరఫున ఒక డాక్టరు వచ్చి అన్నయ్య పట్టికలోని అంకెలన్నీ వరసగా విప్పాడు. ఈ ఆరుగురూ సిగరెట్లు తాగేవాళ్ళు, ఇద్దరు అంతకుముందు వేరే చోట పనిచేశారు, ఇప్పుడు వీళ్ళెవరూ మా దగ్గర లేరు అన్నాడు. అన్నయ్యకు సమాధానం చెప్పే టైమే ఇవ్వలేదు. తొమ్మిదో సెక్షను తీసేసి బిల్లు పాస్ చేశారు. పరీక్ష చేయించడం, చేయించకపోవడం కంపెనీ ఇష్టం.

ఖాళీ అయిన వాల్టర్ చోటులోకి ఎవరిని వేశారో తెలుసా? మా ఆయనను. పదిహేడో వరస నార్మల్ కదా. లీడ్ మ్యాన్‌ని, అంటే ఆ గది పనివాళ్ళకు పెద్దను చేశారు, జీతం పెంచారు. రంగు పిండి కొట్టే మిల్లుకు ఇంకా దగ్గరగా నిలబడే పని. మేము ఆ వారం కేకు కోసి పంచుకున్నాం.

విచారణకు రెండు వారాల ముందే కంపెనీ చేతికి అంకెలు ఎలా వచ్చాయని కమిటీలో ఒకాయన పట్టుబట్టాడు. మే నెలలో అన్నయ్యను పిలిచి అడిగారు. కంపెనీ వాళ్ళెవరితోనైనా మాట్లాడారా? అన్నయ్య రిజిస్టరు ముందు పెట్టి, ఇందులో ఉన్నవి తప్ప ఏమీ లేవన్నారు. ఆయన అబద్ధమాడలేదు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెప్తాను. ఆయన దృష్టిలో కంపెనీ వాళ్ళంటే టై కట్టుకుని ఫోన్ చేసేవాళ్ళు. సుందర్ రాజ్ ఆయన కూతురి బాప్తిస్మంలో పక్కన నిలబడ్డవాడు. ఇంట్లో అన్నం తిన్నవాణ్ణి ఏ గడిలో రాస్తాం? గొడుగు పట్టినవాణ్ణి ఎక్కించిన మనిషికి ఆ శనివారం తట్టనే లేదు. ఆ తెల్లవాళ్ళకు ఇది చెప్తే నమ్మరు. మనవాళ్ళకు చెప్తే ఇందులో వింతేముంది అంటారు.

తట్టింది జూన్‌లో, రెండో శనివారమే. ప్రార్థన కూటంలో సాక్ష్యాలు చెప్పే సమయంలో సుందర్ రాజ్ లేచి నిలబడ్డాడు. ఫిబ్రవరి నెలలో దేవుడు తనకొక ద్వారం తెరిచాడని, కంపెనీ తన సేవను గుర్తించి సెక్షన్ హెడ్‌ను చేసిందని, త్వరలో హెడ్ ఆఫీసుకు వేరే రాష్ట్రం వెళ్తున్నానని చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. అన్నయ్య అనలేదు. ఆయన పాటల పుస్తకం మూసి అలాగే కూర్చుండిపోయారు. ముఖం మట్టి రంగుకి తిరిగింది. నేను బీపీ అనుకుని చెయ్యి పట్టుకుని చూశాను.

సోమవారం ఆయన ఆఫీసుకెళ్ళి నాలుగు నెలల నాటి శనివారాన్ని రిజిస్టరులో రాశారు. రాసి, తీసుకెళ్ళి పైఅధికారి టేబుల్ మీద పెట్టారు. నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. తర్వాత గాలి పని నుంచి తప్పించి ఈతకొలనుల విభాగంలో వేశారు. మోటళ్ళకూ స్కూళ్ళకూ వెళ్ళి నీళ్ళలో మందు సరిపోయిందో లేదో చూడాలి. ఇప్పటికీ అదే పని. బిల్లు మాత్రం వెనక్కి రాలేదు.

సహవాసం ఏం చేసిందో కూడా రాస్తాను. "మనవాడి పేరు గవర్నమెంట్ బుక్కులో ఎక్కిస్తాడా?" అన్నారు. అన్నయ్య ఇంటికి రావడం మానేసి కూటాన్ని ఒక స్కూలు హాలుకి మార్చారు. సుందర్ రాజ్‌కు ఫేర్‌వెల్ డిన్నర్ ఇచ్చారు. నేను పులిహోర చేసి తీసుకెళ్ళాను. సిగ్గుతో రాస్తున్నాను.

ఎనభై ఏడు ఆగస్టులో ఒక ఉదయం మా ఆయన బాత్‌రూమ్‌లోంచి నన్ను పిలిచారు. "ఇది రంగేనంటావా?" అని అడిగారు. పదేళ్ళుగా ఇంట్లో ఎర్రనీళ్ళు చూసిన మనిషి, అదీ రంగేమో అనుకుంటున్నారు. కాదని నాకు చూడగానే తెలిసింది. సర్జన్ పరీక్షలన్నీ చూసి, రెండేళ్ళ క్రితం వచ్చుంటే అన్నాడు. తొమ్మిదో సెక్షను ఉండుంటే ఆ రెండేళ్ళలో ఎనిమిది పరీక్షలు జరిగేవి. నేను మనసులో లెక్క వేసుకున్నాను. వాల్టర్ అప్పటికే పోయాడు.

మా ఆయనకు అన్నయ్య మీద కోపం రాలేదంటే అబద్ధం. "ఆయన ఆ కాగితం చూపించకపోతే..." అని ఎన్నోసార్లు అన్నారు. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. ఆ కాగితం బయటికి తీయించింది నేనని ఆయనకు చెప్పలేదు. అయినా ట్రీట్‌మెంట్‌కి ప్రతి మంగళవారం కారు తెచ్చింది అన్నయ్యే. సెలవు పెట్టుకుని వచ్చి, మా ఆయనను పట్టుకుని మెట్లు దింపి, వెనక సీటులో దుప్పటి కప్పి తీసుకెళ్ళేవారు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. చివరి నెలలో మా ఆయనే ఒకసారి, "బావగారూ, రేడియో పెట్టండి," అన్నారు. అన్నయ్య రేడియో పెట్టి, కారు పక్కకు ఆపి ఏడ్చారు. నవంబరు పందొమ్మిదిన మా ఆయన పోయారు.

కంపెనీ మీద నేను వేసిన కేసు కోసం లాయరు ప్రభుత్వాన్ని పాత కాగితాలు అడిగాడు. పోయిన నెల ఒక కట్ట వచ్చింది. అందులో ఆ రిజిస్టరు పేజీ నకలుంది. అన్నయ్య చేతిరాత, మిషన్ స్కూలు గుండ్రటి అక్షరాలు. 1984 ఫిబ్రవరి 11. మా ఇల్లు, భోజనాల తర్వాత. సుందర్ రాజ్, కంపెనీ కెమిస్టు. విషయం: పూర్తికాని పట్టికను నేనే బయటికి తీసి చూపించాను, అతను రాసుకున్నాడు, సుమారు ఇరవై నిమిషాలు. ఆఖరి గడి, ఇంకెవరున్నారు?

ఎవరూ లేరు.

శనివారం మధ్యాహ్నం ఆ పేజీ పట్టుకుని అన్నయ్య ఇంటికెళ్ళాను. అదే టేబుల్. ఈసారి టీ వదిన పెట్టింది. పేజీ ఆయన ముందు పెట్టాను.

"ఎవరూ లేరని రాశారేంటన్నయ్యా?"

"నువ్వు టీ ఇచ్చి వెళ్ళిపోయావు కదమ్మా."

"నాకోసం కాదా మీరు బ్యాగ్ తెరిచింది?"

ఆయన పేజీని తన వైపు తిప్పుకున్నారు. "అప్పటికి రత్నానికి ఏమీ లేదమ్మా. కానీ ఒకవేళ ఏమైనా అయితే, ఈ పేజీ ఏదో ఒకరోజు అతని చేతికి వెళ్తుందని నాకు తెలుసు. అందులో నీ పేరు చదవకూడదనుకున్నా."

ఆ రిజిస్టరులో ఆయన తెలిసి రాసిన అబద్ధం అదొక్కటి. అదీ నాకోసం. నాకు కృతజ్ఞత కలిగింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఐదేళ్ళు సహవాసమంతా ఆయన్ను వేలెత్తి చూపుతుంటే నేను ఆ గడి వెనక దాక్కుని పులిహోర కలిపాను. నా మొగుడు చచ్చిపోయేదాకా దాక్కునే ఉన్నాను.

"ఇప్పుడాయన చదవరు కదా," అన్నాను. "దిద్దండి."

"కరుణా, కేసుంది. నీ లాయర్ ఒప్పుకోడు. కంపెనీ వాళ్ళు నిన్ను చీల్చేస్తారు."

"దిద్దండన్నయ్యా."

వదిన గుమ్మంలో నిలబడి వింటోంది. తెలిసి తప్పు రాశానని ఆయన ఒప్పుకుంటే ఆ ఈతకొలనుల ఉద్యోగం కూడా మిగలదు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె లోపలికెళ్ళి పెన్ను తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

అన్నయ్య ఆ రెండు మాటల మీద ఒక్క గీత కొట్టారు. పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో రాశారు: కరుణమ్మ, పదిహేడో వరస మనిషి భార్య. కాగితం మొదట తీసింది ఆమె అడిగితే. కింద తేదీ వేసి పొడి అక్షరాలు పెట్టారు.

"రూలు ప్రకారం ఇది ఆఫీసుకి పంపాలి," అన్నారు.

"పంపుదాం," అన్నాను.

సోమవారం పొద్దున ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్ళాం. కవరు నేనే పెట్టెలో వేశాను.